గూట్లో పెట్టిన తాపీ

మాకు అప్పగించిన మొదటి పని, సిమెంటును కొట్టి ఊడదీయడం. సౌదీలో యాన్బు పాత పేటలో సముద్రపు రాళ్లతో కట్టిన చిన్న మసీదు అది. వందల ఏళ్ల నాటిదంటారు. ఎవరో మంచి మనసుతోనే దానికి సిమెంటు పూశారు. లోపల ఉప్పు ఉబ్బి రాయి పిండైపోయింది. ఉలి మీద ఒక దెబ్బ వేస్తే పెచ్చు ఊడేది, రెండో దెబ్బకు గోడే మూలిగేది. పెచ్చులు ఎగిరి మొహాలు చీరుకుపోయేవి. బతుకంతా సిమెంటు పూసి బతికినవాణ్ని, దాన్ని పీకి బతకాల్సిన రోజొచ్చింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు, నాకు పూసుకున్నంత.

అక్కడ నేను మేస్త్రీని కాదు, మేస్త్రీ బామ్మర్దిని. మా అక్క మొగుడు జగిత్యాల దిక్కు సున్నం పని నేర్చినవాడు. సున్నపురాయి తొట్టిలో వేసి నీళ్లు పోస్తే అది బుసకొట్టి ఉడికేది. "దూరం జరుగు. నీ కండ్లు వోతే మీ అక్క నా కండ్లు పీకుతది" అనేవాడు. ఆయన కోపం కూడా ఆ తొట్టి లాంటిదే. దమ్మామ్‌లో ఒకడికి దమ్ము చూపించబోయి దమ్మామే వదిలాడు. వీసా ఇచ్చిన కఫీల్ కడసారి మాట చెప్పేశాడు: ఇంకోసారి కొట్లాట అని వినబడితే ఎగ్జిట్ కొట్టి ఇంటికే.

మాతో రాళ్లు పేర్చేవాడు పెషావర్ పఠాన్. గోడలో ఇమాము నిలబడే వంపు గూడు, మెహరాబు, సగం కూలి ఉండేది. పాత రాయి ఏదీ పారేయకూడదని అక్కడి నియమం. ఏ రాయి ఎక్కడిదో వెతికి దాని కమానును మళ్లీ నిలబెడుతున్నది అతనే. లోపల సున్నం పూసింది బావ.

దసరా వచ్చింది. బావ పొద్దున్నే క్యాంపు గదిలో తాపీకి, తూకం గుండుకు పసుపు దట్టంగా పూసి మొక్కాడు. ఆ రోజు ఆ పసుపు తుడవరు. అట్లాగే తడి గోనెలో చుట్టి పనికి తెచ్చాడు. తిండికి పోయేటప్పుడు తాపీ పెట్టడానికి చోటు కావాలి. మా వైపు ఇంట్లో దీపమైనా దువ్వెనైనా గూట్లోనే పెడతాం. బావ చెయ్యి అలవాటు చొప్పున గూట్లోకే పోయింది.

తిరిగొచ్చేసరికి పఠాన్ గూటి ముందు నిలబడి ఉన్నాడు. పచ్చి సున్నం మీద పసుపు దిగి, ఎర్రగా ధారకట్టి కిందిదాకా కారింది.

"నమాజ్ కీ జగా పే ముర్గా కాటా?" అన్నాడు మెల్లగా. ఇక్కడ కోడిని కోశారా అని.

"హల్దీ హై భాయ్" అన్నాడు బావ.

"హల్దీ పీలీ హోతీ హై." పసుపు పచ్చగా ఉంటుంది కదా అన్న మాట అబద్ధమేమీ కాదు. ఆ మాటతోపాటే పార కామ వచ్చి బావ భుజం మీద పడింది.

రెండో దెబ్బ నడుము మీద. బావ చెయ్యి లేవలేదు. పిడికిలి బిగుసుకోవడం చూశాను, దాన్ని చంకలో దాచుకోవడం కూడా చూశాను. దమ్మామ్ గుర్తొచ్చి ఉంటుంది. నేను వీరుణ్నై మధ్యలోకి దూకాను. పఠాన్ మోచెయ్యి నా ముక్కుకు తగిలి, వచ్చిన దారినే వెనక్కి పడ్డాను. కామ విరిగింది. పఠాన్ కమాను రాయి ఒకటి ఎత్తి విసిరాడు. బావ చెంప చీలింది. తెల్లటి నేల మీద ఈసారి నిజం నెత్తురు పడింది.

నోరు పనికిరాదని నాకు అప్పుడు తోచింది. తాపీ మీది పసుపు గీకి అరచేతిలో వేసుకుని, ఇంత సున్నం కలిపి రుద్దాను. పఠాన్ మొహం ముందు చెయ్యి పెట్టాను. పారాణిలా ఎర్రగా పండింది. అతను దాన్ని చూశాడు, గూడు చూశాడు, బావను చూశాడు. ఉన్నచోటే కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే, రోజూ అసర్ నమాజు తర్వాత మాకు గహ్వా, వాళ్ల కాఫీ, తెచ్చే పేట పెద్దాయన వచ్చాడు. ఆ గోడలు బాగవ్వాలని ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు. ఆయన ఒక్క ఫోను చేస్తే చాలు, బావ ఇంటికే. ఏమైందని అడిగాడు.

"రాయి పడింది" అన్నాడు పఠాన్ అరబ్బీలో.

ముసలాయన నా అరచెయ్యి పట్టుకుని వాసన చూశాడు. "కుర్కుమ్" అన్నాడు. మన కుంకుమకు చుట్టంలా ఉన్న ఆ మాట పసుపుకు వాళ్ల పేరు. తర్వాత గుమ్మం దగ్గర, కమానుకు అంత దూరాన పడి ఉన్న రాయిని చాలాసేపు చూశాడు. వంగి దాన్ని తీసి పఠాన్ చేతిలో పెట్టాడు. గూడంతా గీకి మళ్లీ పూయమన్నాడు. మొదటి గహ్వా బావకు పోశాడు.

నెత్తురు కడిగి ఆ రాయిని కమానులో కూర్చోబెట్టింది పఠానే. వాచిన చెంపతో దాని మీద సున్నం పూసింది బావే.

రాత్రి వీడియో కాల్‌లో అక్క చెంప కట్టు చూసింది.

"రాయి వడ్డది" అన్నాడు బావ.

"నెత్తి ఇడిచిపెట్టి చెంప మీద వడ్డదా? మస్తు తెలివిగల్ల రాయే. ఏడుంది ఇప్పుడది?"

"దాని జాగల అది ఉంది," అన్నాడు బావ, "నా జాగల నేనున్న."