పాపకు నీళ్ళు పోసిన అవ్వ

పోయిన నెల ఒక బుధవారం, కాలేజీలో రెండో పీరియడ్ ముగించుకుని స్టాఫ్‌రూములో కూర్చున్నాను. పక్కింటి అవ్వ కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్త ఎల్లిపాయె," అంది. "పొద్దున కాఫీ తాగె. గ్లాసు నా చేతికిచ్చె. అంతే." నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. ఏ గ్లాసు అని అడిగానట. ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

అవ్వ నాకు ఏ వరసా కాదు. గోరిమేడులో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ, అదే మా చుట్టరికం. నేను పెళ్ళయి ఆ ఇంట్లోకి వచ్చేనాటికే ఆమెకు అరవై దాటాయి. మా వీధిలో బిడ్డ పుట్టిందంటే నీళ్ళు పోయడానికి ఆమె రావలసిందే. పిలిస్తే వచ్చేది, పిలవకపోయినా వచ్చేది. చుట్టూ తమిళమే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడేది, కానీ తెలుగు అక్షరాలు రావు. నేను పత్రికల్లో రాసినవి అప్పుడప్పుడు చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, "బాగుండాది అమ్మీ. ఇది యా ఊరి తెలుగు?" అని అడిగేది.

పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, కాళ్ళు బారజాపి మా పాపను వాటి మీద పడుకోబెట్టుకునేది. నువ్వుల నూనె రాసి, చెంబుతో నీళ్ళు పోస్తూ ఒళ్ళంతా రుద్దేది. అరికాళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఆమె చేతులు నెమ్మదించేవి. బొటనవేలితో ఒక్కో పాదాన్నీ నొక్కి, విడిచి, మళ్ళీ నొక్కేది. పాప ఏదో కూస్తే, అదంతా అర్థమైన దానిలా జవాబు చెప్పేది. "అట్లనా? అప్పుడేమాయె? నువ్వేమంటివి?" అని ఆగేది. పాప మళ్ళీ కూసేది. ఇద్దరూ అలా ఒక బకెట్ నీళ్ళంత సేపు మాట్లాడుకునేవాళ్ళు.

పాపకు ఎనిమిదో నెల వచ్చాక నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. పగలంతా పాప అవ్వ దగ్గరే. నా మనసు మాత్రం టీకాల పుస్తకం దగ్గర ఉండేది. అందులో వెనకవైపు బొమ్మలుంటాయి కదా, కూర్చున్న బిడ్డ, పాకే బిడ్డ, నిలబడిన బిడ్డ, నడిచే బిడ్డ, కింద నెలల అంకెలు. మా పాప ప్రతి బొమ్మకూ ఆలస్యంగానే వచ్చేది. ఏడాది నిండింది. పద్నాలుగో నెల వచ్చింది. కుర్చీ పట్టుకుని నిలబడటం, కూర్చోవడం, అంతే. మాటలూ లేవు. డాక్టరు చూసి, కాళ్ళు బాగున్నాయి, ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నారు. ఆ "ఇంకొన్నాళ్ళు" అన్న మాట నా చెవిలో ధైర్యంగా వినిపించలేదు. నేను ఉద్యోగానికి వెళ్ళడం వల్లనా? కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినకపోవడం వల్లనా? ఏ తప్పూ దొరక్కపోతే ఇంకా భయం వేసేది.

అవ్వ అన్నీ అవే సర్దుకుంటాయనే మనిషి కాదు. మా వీధి చివర ఒక బిడ్డ చప్పుడుకు తల తిప్పడం లేదని గమనించి, "ఈ పొద్దే ఆస్పత్రికి తీసకపో, రేపనొద్దు," అని ఆ తల్లిని వెంటబడి పంపింది. ఆ పిల్లవాడు ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకుని హాయిగా బడికి పోతున్నాడు. అందుకే ఆమె మా పాప గురించి కంగారు పడకపోవడం నాకు కొంత ఊరట. కొంతే. ఆమె కూడా పొరబడవచ్చు కదా అని రెండో ఆలోచన వెంటనే వచ్చేది.

నేను పాప రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడిపించబోతే మాత్రం ఒప్పుకునేది కాదు. "విడువు అమ్మీ. అట్ల లాగితే నడిచేది నువ్వు, అది కాదు," అనేది. "దాని కాళ్ళు నీ వాచీ చూసి నడుస్తాయా ఏంది?"

మా అత్త బాహూరులో ఉండేది. ప్రతి ఆదివారం ఫోన్. మొదటి మాట, "నడిచెనా?" మా ఆడపడుచు కూతురు పదో నెలలోనే నడిచిందన్నది రెండో మాట. మా వాళ్ళలో బిడ్డ మొదటి అడుగులు వేస్తే అరిసెలు చేస్తారు. తెల్ల గుడ్డ మీద వాటిని వరసగా పేర్చి, బిడ్డ చేత వాటి మీద నడిపించి, వీధిలో అందరికీ పంచుతారు. ఆ అరిసెలు చేయడం కోసం ఆమె ఎదురుచూస్తోందని నాకు తెలుసు. పదిహేనో నెలలో ఒక ఆదివారం ఆమె అడిగే లోపలే నేను అనేశాను. "నడిచింది అత్తా. రెండడుగులు."

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఒక్క ఆదివారం ప్రశాంతంగా గడవాలని కావచ్చు.

శుక్రవారం ఆమె బస్సు దిగింది, చేతిలో పెద్ద స్టీలు డబ్బా, వెనక ఇద్దరు చుట్టాలు. బియ్యం నానబెట్టి, దంచి, బెల్లం పాకం పట్టి, అన్నీ చేసుకునే వచ్చింది. గుడ్డ పరిచారు, అరిసెలు పేర్చారు. వీధిలో వాళ్ళు నలుగురు వచ్చారు. అవ్వ గోడ వారగా కూర్చుంది. ఆమెకు నిజం తెలుసు. నా వైపు చూడలేదు.

పాపను కుర్చీ దగ్గర నిలబెట్టారు. "రా బంగారూ, రా," అని మా అత్త చేతులు చాచింది. పాప అందర్నీ చూసింది. కిందికి చూసింది. కుర్చీ వదిలి, దభీమని రెండో అరిసె మీద కూర్చుంది. పక్కనున్న దాన్ని విరిచి నోట్లో పెట్టుకుంది.

ఎవరో నవ్వారు. మా అత్త నవ్వలేదు. "నడిచిందంటివే?" అంది నాతో.

"నేనే అబద్ధం చెప్పాను అత్తా. ఇంకా నడవలేదు."

"మూడు దినాలు నా నడుం విరిగె గదే! ఉండపాకం వచ్చిందా లేదా అని పొయ్యి కాడే పడుంటిని! ఊరంతా చెప్పుకుంటిని!"

అప్పుడు అవ్వ మాట్లాడింది. "విడువు చెల్లీ. నడవాలని మనకుండాది, తినాలని దానికుండాది. చూడు, ఎంత ఇష్టంగా తింటావుండాదో. నీ పాకం బాగా కుదిరినట్టుండాది. నాకొకటి ఇటియ్యి."

 మా అత్త వంగి, పాప కింద నలగని అరిసె ఒకటి ఏరి అవ్వ చేతిలో పెట్టింది. "మళ్ళీ చేసేది మాత్రం నేను కాదు," అంది. ఆమే చేసింది, అది వేరే సంగతి.

అందరూ వెళ్ళాక అవ్వ వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. "అమ్మీ, అది నడవకుంటే ఎవురి తప్పూ లేదు. నడిచిందని చెప్తివే, అది దాని నెత్తిన పెట్టిన మోత. ఇంక అట్ల చెయ్యొద్దు," అంది. అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి అవ్వ మా గుమ్మంలో కూర్చుని ఉంది, పాప ఆమె మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. "సంచీ పక్కన పెట్టు. ఆడనే కూర్చో. పిలవొద్దు, కొంజం ఊరికే ఉండు," అంది. వాకిట్లో చతికిలబడ్డాను. పాప నన్ను చూసింది, అవ్వ మోకాలు వదిలింది. ఐదడుగులు. ఆరోది నా మీద పడటం. అవ్వ చేతులు తట్టి, "అయ్యో చూస్తివా! ఇప్పుడే, నీ కండ్ల ముందరే!" అని కేక వేసింది. ఆ తర్వాత ఎవరు అడిగినా, మొదటి అడుగులు నా కళ్ళ ముందే వేసిందని చెప్పుకునేదాన్ని. ఉద్యోగం చేసే తల్లిని కదా, అది నాకు చాలా పెద్ద మాట. మాటలు ఇంకో ఏడాదికి వచ్చాయి. ఇప్పుడు పాప తొమ్మిదో తరగతి. చెప్పడం మొదలుపెడితే ఆపదు.

అవ్వ కర్మ జరిగిన రోజు, భోజనాలయ్యాక, ఆమె కోడలూ నేనూ వాళ్ళ పెరట్లో గిన్నెలు కడుగుతున్నాం. మాటల్లో నేను ఆ సాయంత్రం సంగతి ఎత్తాను. ఆ అమ్మాయి చెయ్యి ఆగింది.

"నీకు తెలీదా అక్కా? అంతకు నాలుగు దినాల ముందరే నడిచె. ఈడనే. నీళ్ళు పోసినంక అత్త తువ్వాలు తెద్దామని లేచె, పాప ఆమె ఎనకాలే నడిచొచ్చె. నీకు ఫోన్ చేస్తానంటే నా చెయ్యి పట్టుకునె. 'వాళ్ళమ్మ చూడనీ. మనం చూసింది మనతోనే ఉండనీ,' అనె. అన్నేండ్లూ నన్ను చెప్పనియ్యలా."

అవ్వ మీది ప్రేమకొద్దీ ఆ అమ్మాయి అలా అందేమో. లేక నాలుగు రోజులన్నది ఆమె జ్ఞాపకంలో సాగిందేమో. మళ్ళీ అడగలేదు. కానీ ఆనాటి నుంచి, నేను చూడని ఆ పగలే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. ఎండ పడిన సిమెంటు నేల మీద, పీట దగ్గర మొదలై, వంకరగా, అరచేయంత కూడా లేని తడి పాదాల గుర్తులు. అవ్వ తువ్వాలుతో పాపను చుట్టి ఎత్తుకుని, ఆ గుర్తులను తొక్కకుండా పక్కకు జరిగి, అవి ఒక్కొక్కటే ఆరిపోయేదాకా అక్కడే నిలబడి చూస్తోంది.