సూర్యుడు లేని ఎనిమిది నిమిషాలు

గురుత్వాకర్షణ కూడా వెలుతురంత వేగంగానే ప్రయాణిస్తుందనీ, అంతకన్నా ఒక్క అడుగు ముందుకు పోదనీ కర్నూలులో డిగ్రీ పిల్లలకు ఏటా చెబుతుంటాను. వాళ్లు ఏటా అంతే ఉత్సాహంగా కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. సూర్యుడు ఉన్నట్టుండి మాయమైతే మనకు ఎనిమిది నిమిషాలదాకా తెలియదు. వెలుగు వస్తూనే ఉంటుంది. భూమి ఏమీ లేని చోటు చుట్టూ పద్ధతిగా తిరుగుతూనే ఉంటుంది. ఇది పరీక్షలో రాదు. అందుకే నాకు ఇష్టం.

ఈ పాఠం నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం కడప జిల్లాలో, మా అన్న చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో.

అన్నకు ఆ తోటే ఆస్తి, అదే పని, అదే గొప్ప. పిల్లల చదువుల కోసం కాపురం కడప టౌనుకు మార్చాక, మధ్యలో ఉన్న దూరాన్ని ఒక డబ్బా చూసుకునేది. మోటారు స్టార్టరుకు తగిలించిన, సిమ్ కార్డు వేసిన డబ్బా. కరెంటు వచ్చిందని అది మెసేజి పంపుతుంది. అన్న టీ తాగుతూ ఫోను నొక్కుతాడు. ఊళ్లో బోరు మోటారు తిరుగుతుంది. తిరుగుతున్నానని జవాబు వస్తుంది. అదంతా వెలుతురు వేగంతో జరిగేది కాబట్టి టీ చల్లారేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్లకంటే ముందు ఈ విద్య చూపించేవాడు.

నీళ్లు అందకపోతే మోటారును ఆపేసే ఏర్పాటు కూడా ఆ డబ్బాలో ఉండేది. ఒక వేసవిలో అది మాటిమాటికీ మోటారును ఆపేయసాగింది. అన్న మెకానిక్‌ను పిలిపించి ఆ ఏర్పాటును తీయించేశాడు. మా వైపు తీయించనివాడు అరుదు. అది పనిచేయడం మొదలుపెట్టగానే చెడిపోయిందని అందరికీ అర్థమైపోతుంది.

ఆ తర్వాత ఫోనులో అంతా బాగుంది. చీనీ చెట్టు గోల చేసే రకం కాదు. లోపల ఎండుతూనే పైకి కొన్నాళ్లు పచ్చగా కనబడుతుంది. అన్న వెళ్లినప్పుడల్లా గేటు దగ్గరి వరసలే చూసి వచ్చేవాడు. ముందుగా నీళ్లు అందేది వాటికే. చివరికి కాయల వ్యాపారి ఒకడు తోట కొసదాకా నడిచి చూసి, బేరం మాట్లాడకుండానే బండెక్కాడు.

"రేయ్, ఒకసారి రా" అని అన్న ఫోను చేశాడు. అన్న నన్ను తోటకు పిలవడం అదే మొదలు. నా సలహాల మీద ఆయనకు ఎప్పుడూ సరైన అంచనాయే ఉండేది.

వెళ్లేసరికి మోటారు ఆడుతోంది. పైపు దగ్గింది, ఇన్ని నీళ్లు కక్కింది, మళ్లీ దగ్గింది.

"మోటారు తిరుగుతాండాది గదరా!" అన్నాడు.

"తిరుగుతాండాది న్నా. అడుగున నీళ్లు ల్యావు."

"ఎప్పటి నుంచి ల్యావో?"

ఏం చెప్పాలో తెలియక, తెలిసింది చెప్పాను. సూర్యుడి సంగతి.

అన్న శ్రద్ధగా విన్నాడు. "ఎనిమిది నిమిషాలేనా?"

"అంతే."

"సూర్యునిది మేలురా. మాకు ఏడాది పట్టింది. ఇంత తెలిసినోనివి, ముందే చెప్పింటే ఏం పోతాండె?"

"నువ్వు అడగల్యా."

"అడిగింటే మాత్రం, నువ్వు చెప్పేది మనిషన్నోనికి అర్థమయితాదా? అయినా ఇదంతా నిజమని ఎట్ల తెలుసు మీకు?"

యాడో రెండు చచ్చిన నక్షత్రాలు ఢీకొంటే, ఆ గురుత్వాకర్షణ కుదుపూ ఆ వెలుగూ కోట్ల ఏండ్లు నడిచొచ్చి దాదాపు కలిసే చేరాయని చెప్పాను.

"అయితే మనకు తెలిసేసరికి ఆడ ఏం ల్యా."

"ఏం ల్యా న్నా."

అన్న ఫోను తీయలేదు. డబ్బా దాకా నడిచిపోయి, చేత్తోనే మోటారు ఆపేశాడు.

"ఇంకో బోరు వేయిస్తే?" అన్నాను.

"చుట్టూరా అందరూ పాతాళానికి దించినారు. మనం ఇంకా యాడికి దించాల? అడుగున ఇంకో దేశం తగులుతాది."

కొన్నాళ్లు ట్యాంకర్లతో పోసి చూశాడు. ఆ నీళ్లు చెట్టు మొదట్లో పడి, మొదట్లోనే అయిపోయేవి. నేను ఆదివారాలు వెళ్లి పక్కన నిలబడేవాణ్ణి. పెద్ద చదువు చదివినవాడు తోటకు చేయగల సాయం అంతే. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. తర్వాత ముడుచుకోవడానికి ఆకులే లేవు.

చెట్లు కొట్టేవాళ్లు పొద్దున్నే రంపం మిషన్లతో వచ్చారు. వాళ్లలో పెద్దాయన చేతులు కట్టుకుని అడిగాడు, "యాడ నుంచి పెట్టుకోవాల సామీ?"

"ఎండినవాటి కాడ నుంచి పెట్టుకోప్పా. పచ్చంగా ఉండేవాటిని ముట్టుకోవద్దు" అన్నాడు అన్న.

పెద్దాయన తోటంతా ఒకసారి కలయజూశాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, మేం నిలబడిన చెట్టు దగ్గరే మిషను తాడు లాగాడు.

అన్న కొమ్మ తన మీద పడకుండా పక్కకు జరిగాడు.