టెంపో పంపమన్నరు, తీస్కపోయిన

ముందే చెప్తున్న, నవ్వొద్దు! పదిహేనేండ్ల సంది పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్న నన్ను మొన్న ఒక్క మాట గద్వాలల నడి గేటు కాడ నిలబెట్టింది.

మా స్కూల్ పిల్లలకు ఆ రోజు గద్వాలల డ్యాన్స్ పోటీ. మ్యూజిక్ టీచర్ సుజాత మేడం పొద్దుగాలనే పన్నెండు మంది ఆడపిల్లల్ని టెంపోల ఎక్కిచ్చుకొని పోయింది. డ్యాన్స్ పాట రికార్డు చేసి మేడం ఫోన్‌కు పంపింది నేనే. ఇగ వెనకాల బండి మీద నిమ్మళంగ పోదామని పెబ్బేరుల ఇంటికాడ చాయ్ తాగుతున్న.

ఫోనొచ్చింది. మేడమే. వెనక ఒకటే లొల్లి.

"సార్, టెంపో మస్తు స్లో ఉంది. పిల్లలు పరేషాన్ అయితుండ్రు. జల్ది వేరేది పంపండి. పన్నెండింటికి మా వంతు!"

అయ్యో, బండి మొరాయించినట్టుంది!

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నేనే తీస్కొస్త" అన్న. కట్ అయింది.

ఆ రోజే పెబ్బేరు సంత. ఉరికిన. ఆడ మా ఊరి గోపాలన్న అప్పుడే తన టెంపోలకెల్లి ఎడ్లను దించుతుండు. "కడిగి వస్త సార్" అన్నడు. "టైం లేదన్నా, పా!" అన్న. కృష్ణ బ్రిడ్జి దాటిందాక ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొనే కూసున్న. తొవ్వల మా పిల్లల బండి యాడ కనవడలే. బండి బాగై ముందుకు పోయిండ్రేమో అనుకున్న.

పదకొండున్నరకు హాల్ గేటు కాడ దిగినం. వాచ్‌మన్ టెంపోలకు తొంగి చూసి, "ఎడ్ల సంత గిక్కడ కాదు సార్, పెబ్బేరుల" అన్నడు.

"మేం ఆడికెల్లే వస్తున్నం!"

గింతల మేడం ఉరికొచ్చింది. "టెంపో ఏది సార్? వాట్సాప్‌ల రాలే!"

"వాట్సాప్‌ల ఎట్లొస్తది మేడం? గదిగో, నిలబడ్డది!"

మేడం టెంపోను చూసింది. నన్ను చూసింది. మళ్ల టెంపోను చూసింది. "టెంపో అంటే పాట స్పీడు సార్!" అని నెత్తి పట్టుకుంది.

పిల్లలు గజ్జెలు కట్టుకొని నా మొఖమే చూస్తున్నరు. పాటను మార్చే లాప్‌టాప్ ఇంటికాడ ఉండె.

గప్పుడు గోపాలన్న, "జర ఫోన్ ఇయ్యున్రి మేడం" అన్నడు. రెండు సార్లు ఏందో ఒత్తిండు. పాట ఉషారుగ ఉరికింది! "సంతల బేరం వీడియోలు నేను గిట్లనే స్పీడు పెంచి చూస్త సార్, టైం కలిసొస్తది" అన్నడు.

పిల్లలు దుమ్ము లేపిండ్రు. రెండో బహుమతి!

వాపస్ బయలెల్లే ముందు మేడం చెప్పింది. "గది ఇటాలియన్ మాట సార్. ఆడ టెంపో అంటే టైం. ఇంగ్లీషోళ్లు సంగీతం కోసం తెచ్చుకొని పాట నడిచే వేగానికి పెట్టుకున్నరు."

"మరి నా బండికెందుకొచ్చె?" గోపాలన్న అడిగిండు.

ఫోన్‌ల వెతికిన. ఎన్కట జర్మనీల ఒక కంపెనీ బండ్లకు గా పేరు పెట్టిందంట. బండి మన దేశమొచ్చింది, పేరు గిక్కడ పాతుకపోయింది.

సోమవారం తొమ్మిదో తరగతిల గిదంత నాకు పుట్టుకతోనే తెలిసినట్టు చెప్పి, నోట్సు రాయమన్న. డ్యాన్స్ చేసిన పిల్ల ఒకామె రాసింది చూడున్రి:

"టెంపో: ఇటలీల టైం. ఇంగ్లీషుల స్పీడు. మా సారుకు బండి."

ఎర్రపెన్ను తీసిన. తప్పు కొడదామంటే తప్పేడుంది? రైటు కొట్టి సంతకం పెట్టిన.