గ్రైండర్ చప్పుడు చాటున

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు. బెల్లం వండే రోజుల్లో పొయ్యికి ఎండు చెరకు పిప్పి అందివ్వడానికి మనుషులు చాలక, మా అయ్య నన్ను బడి మాన్పించాడు. ఆ తరవాత అరవై ఏళ్లలో నేను చదివినవి రేషన్ కార్డు, కరెంటు బిల్లు, బస్సుల బోర్డులు, గోడ మీది క్యాలెండరు. కథల పుస్తకాలు చదివేవాళ్లంటే నాకు చిన్నచూపు. పనీపాటా లేని వాళ్లనుకునేదాన్ని.

అనకాపల్లిలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కోడలు మిషను మీద జాకెట్లు కుడుతుంది. వెనకది వంటగది, నా రాజ్యం. మనవరాలు ఏడో తరగతి. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం అది లెక్కల పుస్తకంలో ఇంకో పుస్తకం దాచుకుని చదువుతుంటే పట్టుకున్నాను. కోడలు లైనింగు గుడ్డ కోసం బజారుకెళ్లింది, చూడలేదు.

"మామ్మా, అది బడి లైబ్రరీది," అంది పిల్ల.

"ఏదైతే ఏటి? పరీక్షలయ్యేక ఇత్తాను. ముందు లెక్కలు సూడు."

బీరువాలో చీరల అడుగున పెట్టేశాను. అక్కడితో ఊరుకుంటే నాకీ రాత ఉండేది కాదు. మర్నాడు, అందులో ఏం చెత్త ఉందో చూస్తే పిల్లను తిట్టడానికి నాలుగు మాటలు దొరుకుతాయని బయటికి తీశాను.

అది చాలా పాత కథట. తరతరాల పిల్లలు చదివిందట. నాకా సంగతి తెలీదు. ఉప్పు కొండ మీద ఒక ముసలిది ఉంటుంది. ఊళ్లో వాళ్ల గొంతులు పట్టుకుపోయి కుండల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి దాస్తుంది. ఒక పిల్ల తన తమ్ముడి గొంతు తెచ్చుకోవడానికి ఆ కొండెక్కుతుంది. చదివే పిల్లలందరూ ఆ పిల్ల వైపే ఉంటారు కదా. నేను ముసలిదాని వైపున్నాను. ఊళ్లో వాళ్లు ఉత్తినే వాగి గొంతులు పాడు చేసుకుంటుంటే ఆవిడ జాగ్రత్త చేసింది, తప్పేముంది అనుకున్నాను.

నాకు మనసులో చదవడం రాదు. వేలు పెట్టి, పైకి పలికితేనే అక్షరం లోపలికి వెళుతుంది. ముందు గదిలో కోడలుంటుంది. అందుకని సాయంత్రం పూట మినప్పప్పు గ్రైండర్‌లో వేసి, వంటగది తలుపు దగ్గరగా వేసుకుని, ఆ చప్పుడులో చదివేదాన్ని. రోజుకు నాలుగు పేజీలు. ఓపిక లేక కాదు. కొత్త బెల్లం దిమ్మ ఇంటికొస్తే రోజుకో ముక్క చొప్పున నెలంతా వాడే మనిషిని. కథ కూడా అయిపోతుందేమోనని అలాగే వాడుకున్నాను.

వారం తిరిగేసరికి కోడలు అడగనే అడిగింది.

"అత్తా, వారానికి రెండుసార్లు రుబ్బితే కరెంటు మిగుల్తాదని నువ్వే కదా సెప్పేవు. ఇప్పుడు రోజూ రుబ్బుడేటి?"

"తాజా పిండి ఒంటికి మంచిది."

"మీ అబ్బాయి అట్లు సూసి పారిపోతన్నాడు."

"పోనీ. ఆకలేత్తే ఆడే వత్తాడు."

కథలో ఆ పిల్ల కుండలు వెతుకుతూ పొరపాటున ఒక కుండ విప్పుతుంది. అందులోంచి ఎప్పుడో చచ్చిపోయిన వాళ్లమ్మ గొంతు, "అన్నం చల్లారిపోతోంది రావే" అని పిలుస్తుంది. అక్కడ నాకు కళ్ల ముందు అక్షరం కనబడలేదు. గ్రైండర్ ఆపడం మరిచిపోయాను. పిండి వేడెక్కి పనికిరాకుండా పోయింది. పిండి పారబోయడం నా జీవితంలో అదే మొదలు.

శుక్రవారం పొద్దున మనవరాలు బ్యాగు భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చింది.

"మామ్మా, ఇయ్యాల లైబ్రరీ పీరియడు. పుస్తకం ఇచ్చెయ్యాలి."

"పరీక్షలయ్యేక అన్నాను కదా."

"సదవడానికి కాదు, తిరిగిచ్చేత్తాను."

"నా దగ్గరుంటే ఎక్కడికీ పోదు. ఎల్లు."

అప్పటికి సగమైనా కాలేదు నాకు. సాయంత్రం పిల్ల కాళ్లు చాపుకుని కూర్చుంటే అడిగాను.

"బడిలో నిలబెట్టేరా?"

"ఆఁ."

తరవాతి శుక్రవారమూ నిలబెట్టారు. మొదటిసారి నాకు తెలియదు అని చెప్పుకోవచ్చు. రెండోసారి తెలుసు. తెలిసీ ఇవ్వలేదు. పిల్లకు భయం ఉండాలని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి నాకు ముప్ఫై పేజీలు మిగిలున్నాయి.

ఆపై గురువారం పిల్ల డైరీలో టీచరు రాసి పంపింది, పుస్తకం సంగతి తేలే వరకూ ఈ అమ్మాయికి మరో పుస్తకం ఇవ్వం, పెద్దవాళ్లు రావాలి అని. కోడలు చదివి పిల్ల వైపు తిరిగింది.

"బడి పుస్తకం పోగొట్టేవా?"

పిల్ల నావైపు చూడలేదు. కంచంలోకి చూస్తూ, "ఆఁ, పోయింది," అంది.

కోడలు చెంప మీద ఒక్కటిచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కూర గరిటె చేతిలో ఉంది. "కొట్టకే, పుస్తకం నా దగ్గరుంది" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఇంత వయసు దాన్ని, కథల పుస్తకం దొంగచాటుగా చదువుతున్నానని కోడలి ముందు ఎలా చెప్పడం అనే ఆలోచనే గాని, పిల్ల చెంప గురించి కాదు.

మర్నాడు బడికి నేనే వెళతానన్నాను. ఇంకో మాట కూడా దాచకుండా చెబుతాను. ఆ దెబ్బ చూశాక కూడా, బడికి బయల్దేరే ముందు, పప్పు లేకుండా ఉత్త నీళ్లు పోసి గ్రైండర్ తిప్పి, మిగిలిన ఎనిమిది పేజీలూ చదివే వెళ్లాను.

లైబ్రరీ పీరియడు నడుస్తోంది. పిల్లలంతా కూర్చునున్నారు, మా పిల్ల గోడ దగ్గర నిలబడి ఉంది. టీచరు చేతికి పుస్తకం ఇచ్చి, "బీరువా ఎనక పడిపోయిందమ్మా, ఇయ్యాలే దొరికింది," అన్నాను.

టీచరు మా పిల్లను చూసింది. "చూశావా? పెద్దావిడ వెతికితే దొరికింది. నువ్వు వెతక్కుండానే పోయిందని చెప్పేశావు. ఇలా అజాగ్రత్తగా ఉంటే పుస్తకాలు ఎలా ఇస్తాం?"

పిల్ల తల దించుకుంది గాని నోరు విప్పలేదు. అబద్ధమాడితే వాతలు పెడతానని దాన్ని పెంచింది నేను.

నన్ను గేటు దాకా దిగబెట్టి రమ్మని టీచరే దాన్ని పంపింది. గేటు దగ్గర నెమ్మదిగా అడిగింది.

"మామ్మా, ఆ ముసిల్ది కుండలన్నీ ఇచ్చేసిందా?"

నా కాళ్లు ఆగిపోయాయి. "నాకెలగ తెలుస్తాది?"

"ఓ రోజు సాయంత్రం కరెంటు పోయింది కదా. గ్రైండర్ ఆగిపోయింది, నువ్వు ఆగలేదు."

"మరి మీ అమ్మతో సెప్పలేదేటే? దెబ్బ తిన్నావు కదా."

"నీకింకా అవ్వలేదు కదా," అంది.

దాని చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తిరిగి మళ్లీ క్లాసులోకి నడిచాను. గుమ్మంలో నిలబడే చెప్పాను.

"టీచరమ్మా, ఇందాక అబద్ధమాడేను. పుస్తకం ఎక్కడా పడిపోలేదు. పిల్ల దగ్గర లాక్కుని నేనే సదివేను. అవ్వలేదని ఇన్నాళ్లూ ఇవ్వలేదు."

టీచరు ఒక్క క్షణం చూసి నవ్వేసింది. "అయ్యో మామ్మగారూ, అది మేమంతా చిన్నప్పుడు చదివిందే!"

పిల్లలందరూ నవ్వారు. తిట్టినా బాగుండేది.

"తరవాత నవ్వుదురు గాని, దాన్ని నిలబెట్టింది అందరి ముందరా కదా. తప్పు దానిది కాదని కూడా అందరి ముందరే సెప్పండి," అన్నాను.

టీచరు నవ్వు ఆపి, పిల్లలతో చెప్పింది. మా పిల్లను కూర్చోమంది, పుస్తకాలు తీసుకోవచ్చని కూడా అంది. అది వెళ్లి కూర్చుంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. నావైపు చూడలేదు.

ఆ సాయంత్రం కోడలికి కూడా చెప్పాను. తను మిషను ఆపి వింది. లేచి వెళ్లి పిల్ల చెంప మీద చెయ్యి వేస్తే, పిల్ల ఆ చెయ్యి తీసేసింది.

లైబ్రరీ నుంచి అది మళ్లీ అదే పుస్తకం తెచ్చుకుంది. పక్కన కూర్చున్నాను.

"అప్పుడడిగేవు కదా, సివరికి ఏటయిందో సెప్పమంటావా?"

"వద్దు. నేను సదువుకుంటాను."

రెండు రోజుల్లో చదివేసింది. నేను నాలుగు వారాలు మెల్లగా వాడుకున్నదాన్ని రెండు రోజుల్లో. కథలో పిల్ల వాళ్లమ్మ గొంతున్న కుండ దగ్గరికి మా పిల్ల ఎప్పుడు వచ్చిందో నాకు తెలిసింది. పేజీ తిప్పకుండా అలా చూస్తూ ఉండిపోయింది. అక్కడ నాకేమైందో దానికి చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఈ ఇంట్లో ఆ కథ తెలిసింది మేమిద్దరమే.

పుస్తకం మూసి బ్యాగులో పెట్టేసింది. ఎలా ఉందని అడిగే ముఖం నాకు లేదు.