తమ్ముడు వేసిన ముడి

మా తమ్ముడికి రోజుకు మూడు మాత్రలు. "ఏసుకున్నవా నాయినా?" అని మా అమ్మ అడిగేది మాత్రం ముప్పైసార్లు. వాడు మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగుతున్నప్పుడు కూడా అడుగుతుంది. స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడుతుంది. మా నాన్న దానికి పూర్తిగా ఉల్టా. వాడితో మాట్లాడడు, వాడు వినేలా గోడకు చెబుతాడు: "ముప్పై ఏండ్లొచ్చె. పొద్దెక్కేదాంక పంటడు. గిట్ల బతుకుతరా ఎవరన్న?"

స్కిజోఫ్రీనియాకు మందుది సగం పని, ఇంట్లో మాటలది సగం పని అని కర్నూలులో డాక్టరు చెప్పి పంపాడు. అరవొద్దు, దెప్పొద్దు, అస్తమానం వెంటపడొద్దు అన్నాడు. మా వాళ్లు బుద్ధిగా తలలూపారు. గద్వాలలో బస్సు దిగేలోపే మర్చిపోయారు. నేను పెళ్లై వనపర్తిలో ఉంటున్నాను. ప్రతి ఆదివారం వచ్చి ఇద్దరినీ తిట్టి పోవడం నా వంతు.

అయినా వాడు తేరుకున్నాడు. రెండోసారి దవాఖాన నుంచి వచ్చిన నాలుగు నెలలకు తనంతట తానే మా ఇంటి మగ్గం గుంటలోకి దిగాడు. మా గద్వాల చీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. ఒకరు నడుమ నూలు నేస్తుంటే, రెండోవాళ్లు పక్కన కూర్చుని, పట్టు అంచు దారాన్ని అటూ ఇటూ దాటించే నాడె అందుకుంటారు. నడుమ వాడు, పక్కన అమ్మ. పొద్దున రెండు మూడు గంటలు నేసేవాడు, మధ్యాహ్నం మాత్రల మత్తుకు పడుకునేవాడు. లేచే ముందు ఎంతవరకు నేశాడో గుర్తుకు అంచు పక్కన ఎర్రదారం ముడి వేసేవాడు. మా ఇంట్లో అందరికీ చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. "అక్కా, ఇయ్యాల జానెడు ఎక్కింది," అని ఫోను చేసేవాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో! వంటింట్లో నిలబడి ఏడ్చాను.

నెల తిరక్కుండానే మాట మారింది. "ఎవరో నా పని ఇప్పుతున్నరే అక్కా. పండుకొని లేసి చూస్తే ముడి ఉంటలేదు."

మొదటిసారి జబ్బు కూడా ఇలాగే మొదలైంది, ఎవరో తన మాటలు చాటుగా వింటున్నారని. నాన్నను అడిగితే "మల్ల మొదలువెట్టిండు, ఇంకేముంది," అన్నాడు. అమ్మ వంట సంగతి ఎత్తుకుంది. వాడిని కర్నూలు తీసుకెళ్లింది నేనే. అనుమానం తిరగబెట్టిందని, ఈ నోటితోనే డాక్టరుకు చెప్పాను. వాడు నా వైపే చూస్తూ కూర్చున్నాడు. మందు పెంచారు. దాంతో వాడి చేతులు వణకడం మొదలైంది. అయినా మగ్గం మానలేదు.

ఓ బుధవారం ఇటిక్యాలలో చుట్టాలింటికి వచ్చి, అటు నుంచి చెప్పకుండా గద్వాల వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. తమ్ముడు లోపల పడుకున్నాడు. మగ్గంలో నాన్న ఉన్నాడు. నేసిన పోగుల్ని ఒక్కొక్కటే ఎత్తి వెనక్కి లాగుతున్నాడు. అమ్మ ఊడిన దారాన్ని చుట్టుకుంటోంది. ఎర్రదారం ముక్క నేల మీద పడి ఉంది.

"ఏం జేస్తున్నవ్ నాయినా?" అని నాన్నను అడిగాను.

"మెల్లగ మాట్లాడు, వాడు లేస్తడు. పోగులు తప్పుతుండు. తప్పు దాంక ఇప్పి మల్ల నేస్తున్నం. నూలిచ్చే షావుకారు చూస్తే ఇంక వానికి పని ఇయ్యడు. వాడు రంది వెట్టుకోవద్దనే గదా."

"వానికి తెల్వదులే బిడ్డా," అంది అమ్మ.

తెలియదట! వాడికి తెలిసినందుకే కదా నేను కర్నూలు తీసుకెళ్లి మందు పెంచించింది! కోపం నషాళానికి అంటింది. నోటికెంతొస్తే అంత అన్నాను. మీరే దొంగలు, మీరే వాణ్ని పిచ్చోణ్ని చేస్తున్నారు అని వీధి వినేలా అరిచాను. ప్రతి వారం వాళ్లకు పాఠం చెప్పే నాకే డాక్టరు మాట గుర్తులేదు. తిరిగి చూస్తే గుమ్మంలో తమ్ముడు. రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడ్డాడు.

వాడు మెల్లగా వచ్చి, వంగి, ఎర్రదారం తీసుకున్నాడు.

"అయితే నిజమే అన్నట్టు," అన్నాడు. వాడి ముఖంలో కోపం కాదు, ఊరట కనిపించింది. అది చూసి నాకు చచ్చేంత సిగ్గేసింది. "తప్పితే తప్పిందని నా ముంగట్నే చెప్పుండ్రి. నేను పండినప్పుడు ఇప్పకుండ్రి. నన్ను నేనే నమ్మకుండ అయిన."

మళ్లీ కర్నూలు పోయి, తప్పు మాదని డాక్టరుకు చెప్పాను. మందు తగ్గించాడు. ఇంట్లో మాత్రం పెద్దగా ఏమీ మారలేదు. నాన్న గోడతో మాట్లాడటం మానలేదు, అమ్మ తలుపు దగ్గర కాపలా మానలేదు. ఎన్నిసార్లు చెప్పాలి వీళ్లకు? చెప్పి చెప్పి నా గొంతు పోతోంది.

పోయిన ఆదివారం వాడి పక్కన అంచు నాడెకు నేను కూర్చున్నాను. ఓ చోట పోగు తప్పింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. వాడు చెయ్యి ఆపాడు.

"అక్కా, చూసినవా లేదా?"

"చూసిన."

"మల్ల చెప్పవేంది?"

"ఆడ పోగు తప్పింది తమ్మీ," అన్నాను. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు చెమటలు పట్టాయి. వాడు "అవ్," అని తనే విప్పుకుని, తనే మళ్లీ నేశాడు. పని ఆపేముందు ఎర్రదారంతో ముడి వేసి, నాన్నను పిలిచి చూపించాడు. నాన్న వంగి చూసి బయటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది.

"ఉందే అక్కా. ముడి ఉంది," అన్నాడు. వెనక నుంచి అమ్మ, మాత్ర ఏసుకున్నవా నాయినా అని అడుగుతోంది.