జొన్నకంకుల అంచు

మొన్న మా మనవరాలు నన్ను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు వెంటబెట్టుకుని పోయి, మా అక్క పక్కన మంచం మీద చేరి, ఫోనులో జపాను బొమ్మల ప్రేమకథ ఒకటి చూపించడం మొదలుపెట్టింది. ఆ కథలు గీసే ఆవిడ కాలేజీ వయసులో పాళీ పట్టిందట, తల నెరిసినా ఇప్పటికీ వదల్లేదట, కొత్త పుస్తకం వస్తుందంటే అక్కడి ఆడపిల్లలు దుకాణాల ముందు వరసకట్టి నిలబడతారట. కుడి నుంచి ఎడమకు చదవాలి. ఒకే గొడుగు కింద నిలబడ్డ పిల్లా పిల్లవాడి వేళ్ళు తగలడానికి పేజీలకు పేజీలు పడుతుంది. నడుమ ఒక గడిలో వాన, ఒక గడిలో కిటికీ తెర, ఒక గడిలో ఏమీ లేదు, ఉత్త తెల్లకాగితం. మనవరాలి కళ్ళలో నీళ్ళు. మా అక్క కళ్ళద్దాలు పైకి తోసుకుని అంతా చూసి, "అందరూ ఒగటే రకం ఇస్కూలు గుడ్డలు ఏసుకున్యారు గదమ్మా, ఇంగ ఎవురి పిల్లో యెట్ల తెలుస్తాది? ఈయమ్మకేం బయం, బతికినన్నాళ్ళు గీసుకుంటాది" అనేసి అటు తిరిగి పడుకుంది. మనవరాలు పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట వెనక ఉన్న సంగతి ఇప్పుడు మా ఇద్దరికే తెలుసు కాబట్టి, నా ఈడువాళ్ళెవరైనా చదువుతారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. నాన్న నేసే చీరలకు అంచు నమూనాలు గళ్ళ కాగితం మీద గీసిచ్చేది అక్కే, ఆ గళ్ళ కాగితం మీదే ఒకరోజు పువ్వుకు బదులు ఒక ఆడపిల్ల పాదం గీసింది, పాదం నుంచి కథ పుట్టింది. మద్రాసులోని ఒక వారపత్రికకు మగపేరుతో పంపితే వేసుకున్నారు, వారానికొక పేజీ బొమ్మల ప్రేమకథ గీయమన్నారు. నేను అప్పుడే ఆదోనిలో ఒక పత్తి మిల్లులో టైపిస్టుగా చేరి రోజూ బస్సులో పోయి వస్తుండేదాన్ని కాబట్టి, ఆ పేజీలు పోస్టులో వేసే పని నాది. అక్క ముఖాలు వేసేది కాదు. పమిట కొంగు మెలిపెడుతున్న వేళ్ళు, గడప దాటలేక ఆగిన కాలు, ఆ పక్కన బోలెడంత ఖాళీ, అంతే. ముఖం వేయవే తల్లీ అని నేను తిట్టేదాన్ని. మొగం సూస్తే కత అయిపోతాది గదా అనేది. ముఖం దగ్గర ఎంత పిసినారో చీర అంచు దగ్గర అంత ధారాళం, పోగు పోగూ లెక్కగా వేసేది.

కొంప ముంచింది ఆ అంచే. మా ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది: నిశ్చితార్థం చీర అంచు ఆ పిల్ల కోసమే గీయాలి, ఆమె పెళ్ళయ్యేదాకా అదే అంచు ఇంకెవరికీ నేయకూడదు. మా చిన్నాన్న కూతురికి గూడూరు నేతవాళ్ళ సంబంధం అనుకుంటున్న రోజుల్లో, అక్క ఆ చెల్లెలి కోసం జొన్నకంకుల నడుమ వెనక్కి తిరిగి చూసే చిలుకను పెట్టి ఒక అంచు గీసింది. అది ఆమెకు ఎంత నచ్చిందంటే, అదే చేత్తో కథలోని పిల్లకూ కట్టబెట్టేసింది. పత్రికలో ఏ పేజీ అయినా అచ్చు కావడానికి నెలలు పడుతుంది. ఈలోగా గూడూరువాళ్ళు వచ్చారు, చీర నట్టింట పరిచి అంచు చూసి మురిసిపోయారు, ముహూర్తం పెట్టుకుని పోయారు. ఆ తర్వాత వారానికే ఆ పేజీ అచ్చయింది. ఆదోని స్టేషను, జొన్నకంకుల అంచు చీర, ఎదురుగా ఒక మగవాడి చెప్పులు.

ఇంకెవరైనా అయితే అది కథ అనుకునేవాళ్ళు. నేతవాళ్ళు అంచు చూసి మనిషిని చెబుతారు. పెళ్ళికొడుకు మేనమామ పత్రిక చంకలో పెట్టుకుని మా చిన్నాన్న ఇంటికి వచ్చినాడు. పిల్ల ఆదోనికే పోలేదని చిన్నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన వినలేదు. "ఆ అంచు మాకు తెల్దా అప్పా? మా కండ్లతో సూసినాం గదా. ఎవుడో సూసే గీసినాడు. వచ్చేవారం పుస్తకం రానీ, ఏమయితాదో సూసి సెప్తాం" అని లేచి వెళ్ళిపోయినాడు. నవ్వకండి. ఒక ఆడపిల్ల పెళ్ళి పత్రికలో తరువాయి భాగం మీద ఆధారపడింది. ఆ పిల్ల గూడూరు అబ్బాయి మీద మనసు పెట్టుకుని ఉంది, ఏడ్చి ఏడ్చి అన్నం మానేసింది. మా అమ్మాయే ఊహించి గీసిందని మీ నాన్న ఒప్పుకోవచ్చు కదా అంటారేమో, ఒప్పుకుంటే ఇంకా ముప్పు: ఇంటి పిల్లే చూసి గీసిందంటారు, సొంత మనిషి సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

తరువాయి భాగం అప్పటికే మద్రాసు చేరిపోయింది. అందులో కథలోని పిల్ల రైలెక్కేస్తుంది. ఆ మాట అక్క ఆ రాత్రి నా చెవిలో వేసింది.

మర్నాడు అక్కను నాతోపాటు ఆదోనికి లాక్కుపోయాను. మిల్లు మేనేజరును బతిమాలి పత్రికాఫీసుకు ట్రంకు కాల్ పెట్టించాను. అచ్చు మొదలు కాబోతోందనీ, మర్నాటి పొద్దుటికి కొత్త పేజీ చేతికందితే మారుస్తామనీ, లేకపోతే దేవుడు కూడా ఆపలేడనీ సంపాదకుడు అన్నాడు. అదృష్టం, మా మిల్లు గుమాస్తా ఆ మధ్యాహ్నం బండికే మద్రాసు పోతున్నాడు. అక్క స్టేషనులో సిమెంటు బెంచీ మీద కాగితం పరిచి, ఇంకు బుడ్డి నా చేతికిచ్చి కూర్చుంది. కూర్చుందే గానీ గీయదు. పిల్లను ఇంటికి తిప్పి పంపేయవే అంటాను నేను; అట్ల పంపితే ప్రేమించింది తప్పని వొప్పుకున్నట్లు గాదా అంటుంది ఆమె. సిగ్నలు పడింది. గుమాస్తా పెట్టె భుజాన వేసుకుని మమ్మల్ని కొరకొరా చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆమె నెత్తిన మొట్టాలనిపించింది. అప్పుడు వంగింది. కథలో ఆ పిల్ల ఎక్కకుండానే బండి వెళ్ళిపోయినట్టు ఖాళీ పట్టాలు వేసింది. ఆ పిల్ల ఇంటికి వచ్చి, చీర మార్చుకుని, మడత పెట్టి, ఒక స్నేహితురాలి చేతుల్లో పెడుతున్నట్టు వేసింది. చీర ఎరువు తెచ్చుకున్నదన్నమాట, స్టేషనులో నిలబడింది చీర సొంతదారు కాదన్నమాట! తడి ఆరని కాగితాన్ని నేను నోటితో ఊదుకుంటూ కదులుతున్న రైలు వెంట పరిగెత్తి గుమాస్తా చేతిలో పెట్టాను.

పత్రిక వచ్చింది. మేనమామ మళ్ళీ వచ్చినాడు, ఈసారి పూలూ పండ్లతో. "మా కోడలు మంచిదే. కాకపోతే చీరలు ఎవురికీ ఎరువియ్యొద్దని సెప్పండప్పా" అన్నాడు. పెళ్ళి అయింది. మా చెల్లెలు ఈనాటికీ గూడూరులో మనవలతో సుఖంగా ఉంది, ఎంత దగ్గరివాళ్ళడిగినా చీర ఎరువివ్వదు, ఆ బొమ్మలు మా అక్కవని ఆమెకు తెలియనే తెలియదు.

అక్కడితో ఆగితే బాగుండేది. చీర ఎరువు తీసుకున్నది ఎవరు అని వీధి మొదలుపెట్టింది. రోజూ ఆదోనికి పోయేది ఎవరు? స్టేషనులో నిలబడింది ఎవరు? వేళ్ళన్నీ నావైపు తిరిగాయి. నాన్న కోప్పడే మనిషి కాదు. మగ్గం ఆపి, తల వంచుకునే, "ఆ బొమ్మలు వచ్చినన్నాళ్ళు నువ్వు ఆదోనికి పోవద్దుమ్మా. పోవల్లంటే అవి ఆగాల" అన్నాడు. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే, అక్క లేచి వెళ్ళి, కథ అయిపోయిందని మద్రాసుకు కార్డు రాసేసింది. మళ్ళీ సోమవారం నన్ను బస్సెక్కించడానికి తనే వచ్చింది. ఎంత తిట్టినా, ఎంత బతిమాలినా, ఆ తర్వాత అంచులు తప్ప ఒక్క బొమ్మ గీయలేదు.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాల చప్పుడు లేదు. ఆడపిల్లలు ఆదోనికే కాదు, బెంగుళూరుకు కూడా ఒంటరిగా పోయి వస్తున్నారు, ఏ బట్ట కట్టారో, ఎవరితో నిలబడ్డారో అంచు చూసి చెప్పగల కళ్ళు ఒక్క జత మిగల్లేదు. పీడ పోయింది అనుకుంటాను. మొన్న మనవరాలు బయటికి పోయాక, ఇప్పుడు గీయక్కా, అడిగేవాళ్ళెవరున్నారు అన్నాను. అక్క కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "చీర ఇచ్చేసినాక ఆ పిల్ల ఏం చేస్తాదో అప్పుడు తెలిసుండె. ఇప్పుడు యాదికి రాదు" అంది. నేను బస్సెక్కి తిరిగిన ఆ ఏళ్ళన్నీ మా అక్కవి. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.