ఏడో పాప కణాలు

మా మేనత్తను ల్యాబులో అందరూ వార్డెనమ్మ అంటారు. ఆమె చూసుకునేది పిల్లల హాస్టలే మరి. పద్నాలుగు మంది పిల్లల కణితుల్లోంచి తీసిన క్యాన్సర్ కణాలు, ఒక్కొక్కరివి ఒక్కో ఫ్లాస్కులో, ఒంటి వెచ్చదనమున్న ఇంక్యుబేటర్‌లో పెరుగుతుంటాయి. రెండు మూడు రోజులకోసారి వాటికి గులాబిరంగు పోషక ద్రవం మార్చాలి. కిక్కిరిసిపోతే విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి పంపాలి. ఈ ల్యాబులో కొత్త మందు ఏదైనా ముందుగా వీటి మీదే పరీక్షిస్తారు.

ఇరవై నాలుగేళ్ల వయసులో గాజుసామాను కడిగే పనికి చేరింది. ఇప్పుడు యాభై ఒకటి. డిగ్రీ లేదు గాని, మైక్రోస్కోపులో ఒక్కసారి చూసి "దీనికి నిన్నటి నుంచి ఆకలి, ఎవరూ పట్టించుకోలేదు" అని చెప్పేస్తుంది. మామయ్యకు ఇదంతా వేళాకోళం.

"బాల్కనీలో ఒక్క మొక్కను బతికించదు. అక్కడ మాత్రం కంటికి కనపడనివాటికి అన్నం పెడుతుంది," అంటాడు.

"మొక్కకు నీళ్లు పోసే డ్యూటీ మీది," అంటుంది అత్త తల కూడా ఎత్తకుండా.

ఆమె నియమం ఒకటుంది. ఒకరి ఫ్లాస్కు బయట ఉండగా ఇంకొకరిది బయటికి రాకూడదు, ఒకరి ద్రవం సీసా ఇంకొకరికి వాడకూడదు; ద్రవం తీసే గొట్టం వెంట ఒకరి కణాలు నాలుగు ఆ సీసాలోకి జారి ఉండొచ్చు. అందుకే పద్నాలుగు సీసాలకు పద్నాలుగు రంగుల టేపులు. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఆ చాదస్తానికి నవ్వుకుంటారు. రెండో వారం నుంచి నవ్వరు.

ఏడో ఫ్లాస్కు రెండున్నరేళ్ల పాపది. మూత్రపిండం మీదుండే గ్రంథిలో పుట్టిన క్యాన్సర్, నాడీ కణాలు కావలసినవి దారితప్పితే వచ్చే రకం. ఆ పాప ఇప్పుడు లేదు. కణాలు పెరగడానికి మహా బద్ధకం. ముద్దలు ముద్దలుగా చేరి, సన్నటి పోగులు చాపుకుని ఉండేవి. చిన్న డాక్టరని అందరూ పిలిచే యువ పరిశోధకుడు రెండేళ్లుగా వాటి మీదే పని చేస్తున్నాడు.

అత్త మోకాలి ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలు సెలవులో ఉన్నప్పుడు, చిన్న డాక్టరు వేసిన ఒక మందుకు మూడు రోజుల్లో నూటికి తొంభై కణాలు చచ్చాయి. ల్యాబంతా సంబరం. ఆసుపత్రి డాక్టరుతో సమావేశం ఖాయమైంది. ఇదే క్యాన్సర్ తిరగబెట్టిన పిల్లల వైపు ఆ మందును తీసుకెళ్లాలా వద్దా అన్నది అక్కడ తేలాలి.

సెలవు ముగిసిన సోమవారం అత్త ఏడో ఫ్లాస్కును మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది. ముద్దలు లేవు, పోగులు లేవు. గచ్చు మీద పలకలు పరిచినట్టు చదునుగా ఉన్నాయి కణాలు.

"నాయనా, ఇది ఏడు కాదు," అంది.

చిన్న డాక్టరు నవ్వాడు. "లేబుల్ చూడండి వార్డెనమ్మా, సెలవుకు ముందు మీరు రాసిపెట్టి వెళ్లినదే."

"రాత నాదే. లోపలున్నది ఆ పాప కాదు."

"పెరిగే కొద్దీ కణాలు మారతాయి కదా?"

"మారితే కాస్త మారతాయి. ఏకంగా వేరే పిల్లయిపోతుందా? ఇది పదకొండు వాలకం."

పదకొండంటే ఎముకల క్యాన్సర్ కణాలు. దూకుడు రకం. కాసిని పడితే చాలు, నిదానంగా పెరిగేవాటిని కొన్ని వారాల్లో కనపడకుండా చేసేస్తాయి.

"ఎలా పడతాయి? మీరు ఒక్కోటే కదా బయటికి తీస్తారు."

అత్త స్టూలు మీద కూర్చుంది. "సెలవుకు ముందురోజు ఏడో సీసాలో ద్రవం అయిపోయింది. కింద టాక్సీ ఆగి ఉంది. పదకొండో సీసా చేతికందింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా."

అతను ల్యాబు అధిపతి గది వైపు చూశాడు. "పెద్దాయనకు ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పకు. తప్పు నాది, నేను చెప్తా."

డీఎన్‌ఏ పరీక్ష ఐదు రోజుల్లో వచ్చింది. ఆ ఫ్లాస్కులో ఉన్నవన్నీ పదకొండే. పాప అసలు కణాలు ఇక మిగిలింది ఒక్క చోట. ఆరేళ్ల కిందట ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాచిన చిటికెనవేలంత సీసా. అందులోవి లేవకపోతే ఆ పాపవి మళ్లీ ఎవరూ తెచ్చివ్వలేరు.

పెద్దాయన సమావేశం వాయిదా వేసి, "ఎవరు కరిగిస్తారు?" అని అడిగాడు. చిన్న డాక్టరు తన చేతులు చూసుకున్నాడు.

"నేను," అంది అత్త.

"పోగొట్టింది కూడా మీరే కదమ్మా," అన్నాడు పెద్దాయన మెత్తగానే.

"అవును సార్. ఎక్కడ పోతుందో ఇప్పుడు నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

ఆయన ట్యాంకు తాళం అందించాడు.

గోరువెచ్చటి నీళ్లలో సీసాను ఆడించి, బఠానీ గింజంత మంచు మిగలగానే తీసింది. గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే రసాయనమే, కరిగాక వాటికి విషమవుతుంది. కొత్త ద్రవం చుక్కచుక్కగా కలుపుతూ దాన్ని పలచన చేసి తీసేసింది.

మూడో రోజు చూస్తే తేలుతున్నవన్నీ చచ్చినవే.

"మొత్తం ద్రవం మార్చేద్దామా?" అన్నాడు చిన్న డాక్టరు.

"సగమే. నిద్రపోయే పిల్లల మీంచి దుప్పటి లాగేస్తారా?"

"లేవకపోతే?"

"లేస్తాయి. నువ్వెళ్లి కాఫీ తాగు. నీ ఊపిరి నా మెడకు తగులుతోంది."

తొమ్మిదో రోజు ఉదయం అత్త స్టూలు మీంచి పక్కకు జరిగి, అతన్ని చూడమని సైగ చేసింది. ఫ్లాస్కు మూలన పన్నెండు కణాల ముద్ద, అడుగుకు అతుక్కుని, రెండు పోగులు చాపుకుని ఉంది. అతను రెండుసార్లు లెక్కపెట్టాడు.

సరిపడా పెరగడానికి మూడు నెలలు పట్టింది. ఈసారి డీఎన్‌ఏ కూడా ఏడేనని చెప్పింది. ఆ గొప్ప మందు వీటిలో నూటికి పన్నెండింటినే చంపింది. పదకొండు కలిసిన ఆ ఫ్లాస్కులో పనిచెయ్యలేదని అప్పట్లో పక్కన పెట్టిన ఇంకో మందు వేస్తే, కణాలు రెండేసిగా చీలి పెరగడం మానేసి, పెద్దయిన నాడీ కణాల్లా పొడుగు పోగులు చాచాయి.

సమావేశంలో అత్త లేచి, టాక్సీతో సహా జరిగిందంతా చెప్పింది. ఆసుపత్రి డాక్టరమ్మ అంతా విని, "ఈ రెండో మందును ఎంతవరకు నమ్మమంటారు?" అని అడిగింది.

"ఇది మొదటి మెట్టే. ఎలుకల్లో చూడాలి," అన్నాడు చిన్న డాక్టరు.

"మందు సంగతి ఆయన చూసుకుంటాడు," అంది అత్త. "కణాలు ఆ పాపవే. దానికి నాది పూచీ."

డాక్టరమ్మ తన కాగితం మీద మొదటి మందు పేరు కొట్టేసి, కింద రెండోది రాసుకుంది.

"ఎలుకలతో ఎప్పుడు మొదలుపెడుతున్నారు?" అంది.